వాన కొలిచే మనిషి పోగొట్టుకున్న అయిదున్నర గంటలు

టైం లెక్క వస్తే నేను ఇప్పటికీ తడబడతాను. కంప్యూటర్ల మధ్యే జీతం తీసుకుని, కంప్యూటర్ల మధ్యే రిటైరైనవాణ్ణి. అయినా లండన్‌లో ఇప్పుడు ఎన్ని గంటలని ఎవరైనా అడిగితే, మన టైంలోంచి తీసేయాలా దానికి కలపాలా అని లోపల ఒకసారి తేల్చుకోందే నోరు తెరవను. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు దీనికి నవ్వుతారు. నవ్వండి. మీ యంత్రాలు ఆ లెక్క వాటంతటవే చూసుకుంటాయి. మా రోజుల్లో మేం చూసుకోవాల్సి వచ్చేది. నేను సరిగ్గా చూసుకోలేదు. దానివల్ల ఒక మనిషి రోజూ అయిదున్నర గంటల సేపు ఎక్కడున్నాడో ఎవరికీ తెలియకుండా పోయింది. కొన్నాళ్లకు ఆయనకే తెలియకుండా పోయింది.

అది ఎనభైల చివర. అనంతపురంలో వానల లెక్కలు పోగుచేసే ఒక సర్కారు ఆఫీసులో నేను ప్రోగ్రామర్ని. వానలే పడని జిల్లాలో వానల లెక్కకు ఆఫీసు ఒకటా అని ఊళ్లో వాళ్లు పరాచికాలాడేవారు. మా పెద్ద సారు వాళ్లకు ఒకటే జవాబు చెప్పేవాడు. "నీళ్లుండే ఊర్లో బిందెలు ఎవురు లెక్కపెడతారప్పా? లేని ఊర్లోనే కదా లెక్కపెట్టేది."

శింగనమల, విడపనకల్లు, కంబదూరు వైపుల్లో మాకు వాన కేంద్రాలుండేవి. కేంద్రమంటే పెద్దదేమీ కాదు. కంచె వేసిన చిన్న స్థలం, అందులో వాన నీళ్లు పట్టే ఇత్తడి డబ్బా, కొలిచే గాజు గొట్టం, చూసే మనిషి ఒకడు. పొద్దున ఎనిమిదిన్నరకు ఒకసారి, సాయంత్రం అయిదున్నరకు ఒకసారి చూడాలి. వాన పడినా పడకపోయినా చూడాలి. మా జిల్లాలో ఆ మనిషి ఏడాదిలో ఎక్కువ రోజులు ఉత్త డబ్బా వంచి చూసి, సున్నా అని రాసి వచ్చేవాడు. సున్నా రాయడానికి రెండు పూటలా నడిచి వెళ్లడమనేది ఎంత నిష్ఠ ఉంటే అవుతుందో నాకు ఆ వయసులో తెలియదు.

చాలా కేంద్రాల వాళ్లు పోస్టాఫీసు నుంచి ఫోన్ చేసి లెక్క చెప్పేవారు. మా ఆఫీసులో లెక్కలు టైపు చేసే అమ్మాయి ఒకామె ఉండేది. కళ్యాణదుర్గం ఆమె పుట్టిల్లు. "ఎనిమిదిన్నరకే చూసినాం" అని వాళ్లంటే ఎనిమిదిన్నర అని కొట్టేది. వాళ్లు నిజంగా ఎప్పుడు చూశారో, చూశారో లేదో, దేవుడికే తెలియాలి. ఒక్క కంబదూరు వైపు కేంద్రానికి మాత్రం ఆ ఏడు ప్రయోగంగా ఒక పెట్టె ఇచ్చాం. టైపు మిషన్ లాంటి మీటలు, చిన్న తెర, టెలిఫోన్ తీగ. అక్కడి మనిషి అంకెలు నొక్కి పంపితే నేరుగా మా పెద్ద యంత్రంలోకి వచ్చిపడేవి. ఎప్పుడు పంపాడో యంత్రం తనే టైం వేసుకునేది.

ఆ మనిషికి యాభై దాటి ఉంటాయి. చెనిక్కాయ, అదే వేరుశనగ, పొలం కొంచెం, ఈ పని కొంచెం. ఏళ్లుగా టెంపరరీ మీదే ఉన్నాడు. పెట్టె వాడడం నేర్చుకోవడానికి ఆయన అనంతపురం వచ్చినప్పుడు వారం రోజులు నేనే నేర్పాను. మీట నొక్కాలంటే భయపడేవాడు. నొక్కాక ఆ వేలిని ఒకసారి చూసుకునేవాడు. టైం తప్పకుండా ఉండడానికి ఆఫీసు తరఫున ఒక అలారం గడియారం ఇచ్చాం. రోజూ రేడియోలో వార్తలు మొదలయ్యే వేళకు దాన్ని సరిచేసుకునేవాడు. ఆ ఏడాది ఆఖరుకు పర్మనెంటు చేయాల్సిన వాళ్ల జాబితాలో ఆయన పేరు మొదట ఉందని పెద్ద సారే చెప్పాడు. ఆ మాట విన్న రోజు ఆయన మాకందరికీ బజ్జీలు తెప్పించాడు.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే చేసేటప్పుడు నాకే సరిగ్గా అర్థం కాలేదు.

యంత్రం పెట్టడానికి వచ్చిన ఇంజనీర్లు దాని గడియారాన్ని లండన్ టైంకు పెట్టి పోయారు. ఎన్నో ఊళ్ల యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలంటే అన్నిటికీ ఒకే టైం ఉండాలి, లేకపోతే ఏ కబురు ముందో ఏది వెనకో తెలియదు అన్నారు. మన టైం దానికి అయిదున్నర గంటలు ముందుంటుంది, కాగితం మీద అచ్చు వేసేటప్పుడు అయిదున్నర కలుపుకో అన్నారు. సరే అని ప్రోగ్రాంలో ఒక వరుస రాశాను. అది అయిదున్నర కలిపేది. రెండు నెలలు అంతా బాగా నడిచింది. కంబదూరు లెక్క పొద్దున ఎనిమిదీ ముప్పై నాలుగుకో అయిదుకో, సాయంత్రం అయిదూ ముప్పై మూడుకో నాలుగుకో వచ్చినట్టు కాగితం మీద పడేది.

తర్వాత హైదరాబాదు ఆఫీసు నుంచి ఫోన్. మీ జిల్లాలో సాయంత్రం వానను రాత్రి పదకొండుకు కొలుస్తారా అని వెటకారం. తేలిందేమిటంటే, మేం పంపిన టైంకు వాళ్లు కూడా అయిదున్నర కలుపుతున్నారు. మీరు కలపొద్దు, మేం కలుపుకుంటాం అన్నారు. నేను ఆ వరుస తీసేశాను. హైదరాబాదుకు వెళ్లే కాగితానికీ, మా సారు చూసే కాగితానికీ ఆ వరుస ఒక్కటే అన్న సంగతి ఆ క్షణంలో నాకు తట్టలేదు. తట్టలేదని రాస్తున్నాను. తట్టిందేమో, తర్వాత చూద్దామనుకున్నానేమో, ఇప్పుడు ఒట్టేసి చెప్పలేను.

అంతకు ముందే ఇంకో చిన్న పని చేసి ఉన్నాను. మా సారుకు పదిహేడు గంటలు, పద్దెనిమిది గంటలు అంటే చిరాకు. అందుకని ఆయన కాగితంలో మామూలు గడియారం లెక్కనే వేసేవాణ్ణి. పొద్దుటిదో సాయంత్రానిదో చెప్పే గుర్తుకు గడిలో చోటు చాలలేదు, తీసేశాను. పొద్దుటి లెక్క ఒక వరుసలో, సాయంత్రం లెక్క ఒక వరుసలో ఉన్నప్పుడు విడిగా గుర్తెందుకు అనుకున్నాను.

ఈ రెండూ కలిసి ఏమైందంటే, కంబదూరు వాన మనిషి పొద్దుటి లెక్క మూడూ అయిదుకు, సాయంత్రం లెక్క పన్నెండూ నాలుగుకు వచ్చినట్టు రోజూ అచ్చు పడసాగింది. నాకు కనబడలేదు. నా ఆఫీసు పదికి మొదలై అయిదుకు ముగిసేది. ఆయన పొద్దుటి లెక్క పంపేసరికి నేనింకా ఇంట్లో దోసెలు తింటుండేవాణ్ణి, సాయంత్రం లెక్క పంపేసరికి ఇల్లు చేరేవాణ్ణి. ఆ యంత్రం ముందు కూర్చుని ఉండగా ఆయన కబురు వచ్చింది ఒక్కసారీ చూడలేదు.

చూసింది పెద్ద సారు. ఒకరోజు నన్ను పిలిచి కాగితాలు ముందేశాడు.

"ఏమప్పా, ఈ కంబదూరాయప్ప మజ్జాన్నం పన్నెండుకే సాయంకాలం వాన రాసి పంపిస్తాండాడే. చూసినావా?"

నేను చూశాను. అన్ని రోజులూ అట్లాగే ఉంది.  సారు కథ అల్లేశాడు. ఈయన పొద్దున అసలు రాడు. మధ్యాహ్నం పన్నెండుకు వచ్చి ముందు సాయంత్రం లెక్క కొట్టేస్తాడు. అన్నం తిని కునుకు తీస్తాడు. మూడింటికి మెలకువ వచ్చి, పొద్దుటిది మరిచిపోయినానే అని అదీ కొట్టి ఇంటికి పోతాడు. ఇప్పుడు రాస్తుంటే ఈ కథ ఎంత వెర్రిగా ఉందో తెలుస్తోంది. ఆ రోజు ఆఫీసులో ఎవరూ నవ్వలేదు. యంత్రం అచ్చు వేసింది కనుక నమ్మాం. నోటి మాటతో ఎనిమిదిన్నర అని చెప్పిన వాళ్లనందర్నీ నమ్మాం. యంత్రం కనిపెట్టుకుని ఉన్న ఒక్క మనిషినే దొంగ అన్నాం.

మొదట్లో బాగా చేసి తర్వాత వదిలేశాడా, మొదటి నుంచీ అంతేనా తేల్చమన్నాడు సారు. నేను పాత కాగితాలన్నీ తీసి గ్రాఫు గీశాను. రెండు నెలలు గీత సరిగ్గా ఉంది, ఒక రోజు నుంచి ఒక్కసారిగా పక్కకు దూకింది. "కొత్తలో బాగానే చేసినాడు, పర్మనెంటు అనే మాట చెవిన పడినాక వదిలేసినాడు" అన్నాడు సారు. గీత దూకిన తేదీ నేను ప్రోగ్రాంలో వరుస తీసేసిన తేదీ. ఆ గ్రాఫు గీసిన చెయ్యి నాదే. రంగు పెన్సిళ్లతో గీశాను. బాగుందని మెచ్చుకుంటే సంతోషపడ్డాను కూడా.

టైపు చేసే అమ్మాయి మాత్రం ఒప్పుకోలేదు. ఒకరోజు సాయంత్రం లెక్కలో పద్నాలుగు మిల్లీమీటర్ల వాన ఉంది. ఆ కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది.

"అన్నా, ఆ పొద్దు వాన పడింది నాలుగ్గంటలకు. మాయన్న కళ్యాణదుర్గంలో తడిసి ముద్దయి వచ్చినాడు. పన్నెండుకే పంపిన లెక్కలోకి నాలుగ్గంటల వాన ఎట్ల వచ్చె?"

నేనన్నాను, అందాజుగా ఏదో అంకె వేసుంటాడు, తగిలింటుంది అని.

"మూడు నెలలకొక వాన పడే ఊర్లో అందాజుగా పద్నాలుగు ఎవురేస్తారన్నా? వేస్తే సున్నా వేస్తారు."

ఆమె చదివింది టైపు హయ్యర్. నేను చదివింది ఇంజనీరింగు. నాకు చిరాకేసింది. పని చూసుకోమన్నాను.

సారు కంబదూరుకు మెమో పంపాడు. అది పోస్టులో ఉండగానే మా ఆఫీసులో పాత గుమాస్తా ఒకాయనకు వీడ్కోలు సభ పెట్టారు. దండ, మిక్చరు, కాఫీ. అయిదు దాటినా ఎవరం కదల్లేదు. పక్క గదిలో ప్రింటరు గరగరమంది. ఏమిటా అని వెళ్లి చూశాను. కంబదూరు సాయంత్రం లెక్క, సున్నా. టైం పన్నెండూ నాలుగు. గోడ గడియారం వైపు చూశాను. అయిదూ ముప్పై నాలుగు.

మొదట యంత్రం గడియారం ఆగిపోయిందనుకున్నాను. నేనే ఒక ముక్క కొట్టి చూశాను. పన్నెండూ ఆరు అని పడింది. ఇంకో ముక్క కొట్టాను. పన్నెండూ ఏడు. నడుస్తోంది. నా చేతి గడియారం నడుస్తోంది, గోడ గడియారం నడుస్తోంది, యంత్రం నడుస్తోంది, దేనికదే సరిగ్గా నడుస్తోంది.  అవతలి గదిలో చప్పట్లు కొడుతున్నారు. తీసేసిన ఆ వరుస అప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చాక కూడా, కలపాలా తీసేయాలా, తప్పు నాదా హైదరాబాదుదా అని చాలాసేపు అక్కడే నిలబడి తికమకపడ్డాను. తికమకలో ఒక సుఖముంటుంది. తేలనంతవరకు ఏమీ చేయక్కర్లేదు.

మర్నాడు సారు దగ్గరికి వెళ్లి చెప్పాల్సింది. వెళ్లలేదు. హైదరాబాదు నుంచి పెద్దవాళ్లు మా యంత్రాన్ని చూడ్డానికి రాబోతున్నారు. అక్కడికి బదిలీ, పై గ్రేడు నాకు దాదాపు ఖాయమని అందరూ అంటున్నారు. నా గ్రాఫు జతచేసిన జాబు సారు సంతకంతో వెళ్లిపోయింది. అందుకని నేనొక పని చేశాను. ఎవరికీ చెప్పకుండా సారు కాగితానికి విడిగా ఆ అయిదున్నర వరుస మళ్లీ పెట్టేశాను. ఇక నుంచి లెక్క సరిగ్గా పడుతుంది, సారు మరిచిపోతాడు, ఆ మనిషికీ ఏమీ కాదు అనుకున్నాను.

రెండు రోజుల తర్వాత సారు కాగితం చూసి బల్ల మీద చరిచాడు. "చూసినావా? ఎనిమిదీ ముప్పై అయిదు, అయిదూ ముప్పై మూడు. మెమో పడినాంక బండి దోవకు వచ్చె. ఇంగ ఈయప్ప తప్పు చేసినాడనడానికి సాక్షం ఏం కావాలప్పా?"

నేను సరిచేయడంతో ఆయన నేరం రుజువైంది. 

విచారణకు జీపులో వెళ్లాం, సారూ నేనూ. యంత్రం తరఫు సాక్షిని నేను. కంచె పక్కన చిన్న గది. చుట్టూ చెనిక్కాయ చేలు, ఊడలు దిగాల్సిన వేళకు వాన లేక ఆకు ముడుచుకుని ఉన్నాయి. ఆయన ఉతికిన చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి మొహం విప్పారింది. తెలిసిన మనిషి వచ్చాడనుకున్నాడు.

సారు కాగితాలు ఇచ్చి చూడమన్నాడు. ఆయన చాలాసేపు చూశాడు. ఒక్కొక్క వరుసా వేలు పెట్టి చూశాడు. తను రోజూ ఎనిమిదిన్నరకే వస్తానన్నాడు. మెమో వచ్చాక ఎట్లా సరైందని సారు అడిగాడు. నేనేమీ మార్చలేదు, వచ్చేటట్టే వస్తాండా అన్నాడాయన. మార్చకుండా కాగితం ఎట్లా మారిందని సారు. ఆయన దగ్గర దానికి జవాబు లేదు. ఎట్లా ఉంటుంది? జవాబు నా జేబులో ఉంది.

అప్పుడు నా వైపు తిరిగాడు.

"మీరు మిషను చదివినోళ్లు సారూ. మీరే నాకు నేర్పిచ్చినారు. మిషను తప్పు చెప్తాదా?"

సారు కూడా నా వైపే చూశాడు.  "మిషన్ తప్పు చెప్పదు" అన్నాను.

ఆయన తలూపాడు. ఆ తలూపడం నాకు ఇప్పటికీ కనబడుతుంది. కోపంతో కాదు, ఒక సందేహం తీరినట్టు ఊపాడు. "అట్లయితే నేనే యాడో పొరబాటు పడినట్టుండాది" అన్నాడు. తప్పు ఒప్పుకుంటే సారు కనికరిస్తాడని ఊళ్లో ఎవరో చెప్పారట. సారు చెప్పినట్టు కాగితం రాసి సంతకం పెట్టాడు. టెంపరరీ మనిషి కనుక తీసేయడానికి పెద్ద తతంగం లేదు. దసరా దాటాక రావద్దన్నారు. జాబితాలోంచి ఆయన పేరు కొట్టేసి, మిగతా పేర్లు హైదరాబాదుకు పంపారు.

నేను ఆఫీసుకు పోతూనే ఉన్నాను. అన్నం తింటూనే ఉన్నాను. మా నాయన ధర్మవరంలో పట్టు నేసేవాడు. ఒక పోగు తప్పితే అక్కడిదాకా విప్పుకుంటూ వెనక్కి పోవాలి, ముందుకు నేస్తే చీర మొత్తం పోతుంది అనేవాడు. ఆ మాట ఆ రోజుల్లో నాకు గుర్తు రాలేదు. గుర్తొచ్చి ఆగిపోయానని రాస్తే చదవడానికి బాగుండేది. నేను ముందుకే నేస్తూ పోయాను.

దీపావళి వెళ్లిన కొన్నాళ్లకు ఆయనే మా ఆఫీసుకు వచ్చాడు. పొద్దున పదకొండు గంటలు. తువ్వాలులో చుట్టిన గడియారం తీసి నా బల్ల మీద పెట్టాడు. పని పోయినందుకు అడగడానికి వచ్చాడనుకుని జవాబులు వెతుక్కుంటున్నాను. ఆయన దాని సంగతే ఎత్తలేదు.

"దీన్ని కళ్యాణదుర్గంలో గడియారాలు బాగుచేసేటాయన దగ్గర విప్పి చూపిచ్చినా సారూ. బాగానే నడుస్తాండాదంట. మీ మిషను పక్కన పెట్టి ఒకసారి చూడల్ల మీరు."

ఎందుకన్నాను.

"నేను పొద్దున ఆరున్నరకు ఇల్లు వదుల్తా. మిషనేమో పన్నెండు దాంక నేను రాలేదనె. మా ఆడామె అప్పుడే అడిగె, ఆ నడాన యాడుంటివి, ఎవరింట్లో ఉంటివి అని. ఊర్లో నగుతాండారు. మూడు నెల్లాయ, ఆమె నాతో మాట్లాడి. నేను యాడికీ పోలేదు సారూ. పోలేదనే అనుకుంటాండా. నాకే ఏమన్నా తెలీకుండా యాడన్నా కూచ్చుంటానా, నిద్దరపోతానా? వయసు మీద పడినాక అట్ల అవుతాదంటారే. మీకు మిషన్లో ఏమన్నా కనపడతాదేమో సూడండి, నేను యాడుంటినో."

టైపు చేసే అమ్మాయి కొట్టడం ఆపింది.  ఆయన నిజంగానే అడుగుతున్నాడు. నన్ను నిందించడం లేదు. తను ఎక్కడున్నాడో నన్ను చెప్పమంటున్నాడు.

కూర్చోమని చెప్పి పెద్ద సారు గదిలోకి పోయాను. నిలబడే చెప్పాను. మొదట్నుంచి చెప్పబోయి, కలపడం తీసేయడం దగ్గర మళ్లీ తడబడి, రెండుసార్లు వెనక్కి వచ్చి చెప్పాను. సారు అంతా విన్నాడు. కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు.

"జీపులో నా పక్కనే కూచ్చుంటివి కదప్పా" అన్నాడు.

అంతే. ఒక తెల్ల కాగితం నా వైపు తోశాడు. "రాసియ్యి. టైపు కొట్టొద్దు, నీ చేత్తోనే రాయి."

రాశాను. దానికి తను చేసిన పొరపాటు కూడా జతచేసి సారు సంతకం పెట్టాడు. ఆ మాట కూడా చెప్పాలి, ఆయన నా ఒక్కడి మీదే తోసేయలేదు. నాకు మెమో ఇచ్చారు, హైదరాబాదు బదిలీ ఇంకొకరికి పోయింది. కొన్నేళ్ల తర్వాత నాకు అదీ వచ్చింది. కంబదూరు వైపు వాన మనిషిని మళ్లీ పనిలోకి తీసుకున్నారు, టెంపరరీ మీదే. జాబితా వెళ్లిపోయింది, పైన మార్చడం కుదరదన్నారు. ఇంకో జాబితా వచ్చేసరికి ఆయన వయసు దాటిపోయింది.

ఆ ఆర్డరు కాగితం పోస్టులో పంపొచ్చు. నేనే పట్టుకుపోయాను. బస్సు దిగి అడుగుతూ పోయేసరికి మధ్యాహ్నమైంది. ఆయన ఇంటి ముందు నులక మంచం వాల్చి కూర్చోమన్నాడు. కాగితం చదివి వినిపించాను. ఆయన పని సంగతి పెద్దగా పట్టించుకున్నట్టు లేదు.

"అట్లయితే నేను టయానికే వస్తాంటినా సారూ?"

"రోజూ టయానికే వచ్చినారన్నా. తప్పు నాది."

"ఇంగోసారి చెప్పండి. ఉండండి, ఆమెను పిలుస్తా, ఆమె ముందర చెప్పండి."

ఆమె పొయ్యి దగ్గర్నుంచి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి గడప మీద నిలబడింది. ఆమెకు అర్థమయ్యేటట్టు చెప్పడానికి ప్రయత్నించాను. లండన్, హైదరాబాదు, కలపడం, తీసేయడం. మధ్యలో నాకే అర్థం కాకుండా పోయింది. ఆమె చేయెత్తి ఆపింది.

"అదంతా నాకెందుకు నాయనా. ఈయప్ప యాడికీ పోలేదు, అంతేనా?"

"అంతేనమ్మా. ఎక్కడికీ పోలేదు."

ఆమె మొగుడి వైపు చూసింది. ఆయన తల వంచుకుని కాగితాన్ని మడతలు పెడుతున్నాడు. మళ్లీ నా వైపు తిరిగింది.

"నీకు ఎప్పుడు తెలిసె?"

ఈ ప్రశ్నకు నేను సిద్ధపడి రాలేదు. నిన్ననో మొన్ననో తెలిసిందంటే ఆమెకు పట్టుకునే దారి లేదు.

"వినాయక చవితికి ముందే తెలిసిందమ్మా."

ఆమె వేళ్ల మీద లెక్కపెట్టలేదు.  ఇంట్లోంచి సంగటి వాసన వస్తోంది, రోట్లో నూరిన ఊరిబిండి పచ్చడి వాసన వస్తోంది.

"అంటే, ఆ పొద్దు జీపులో వచ్చి ఈయప్పకు ఎదురుగా కూచ్చున్నెప్పుడు నీకు తెలుసు."

"తెలుసమ్మా."

ఆమె వెనక్కి తిరిగింది. లోపలికి పోతూ, "లెయ్, చేతులు కడుక్కోని రా, సంగటి ఆరిపోతాది" అంది. అన్ని నెలల తర్వాత ఆయనతో ఆమె మాట్లాడిన మొదటి మాట అదే కావచ్చు. ఆయన లేచాడు. గడప దగ్గర ఆగి నా వైపు, ఆమె వైపు చూసి, ఏం చేయాలో తోచక నిలబడ్డాడు. మా సీమలో అన్నం వేళకు ఇంటికొచ్చిన మనిషిని, పగవాడైనా సరే, తినమనకుండా పంపరు. ఆమె లోపల ఒక్క పళ్లెమే పెట్టిన చప్పుడు వినబడింది.

"పోండి అన్నా, తినండి" అని చెప్పి నేను లేచాను.